మన్యం చెట్టు విశాఖ పొగకు జమ కాదు

కార్బన్‌ను పట్టి దాచడానికి వేల కోట్ల యంత్రాలెందుకు, మన్యం కొండలున్నాయి కదా అనే మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. మొక్కలు నాటే సభల్లో వేదిక మీది పెద్దలు అంటున్నారు. కంపెనీల సామాజిక బాధ్యత కరపత్రాల్లో అచ్చవుతోంది. పర్యావరణం మీద నిజమైన శ్రద్ధ ఉన్నవాళ్ళు కూడా అదే వల్లిస్తున్నారు. వారి వాదన సారాంశం ఇది: ఫ్యాక్టరీ పొగలోంచి బొగ్గుపులుసు వాయువును వేరుచేసి భూగర్భంలోకి పంపే పద్ధతి ఖరీదైనది, విదేశాల్లోనే తడబడుతోంది, అందులో పదోవంతు సొమ్ముతో సాలూరు, పాచిపెంట, మక్కువ కొండల నిండా మొక్కలు నాటిస్తే గాలి బాగుపడుతుంది, గిరిజనుల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, చెట్టును మించిన కార్బన్ క్యాప్చర్ లేదు.

ఈ వాదన తప్పు. చెట్టు మీద ప్రేమతో చెప్పినట్టు ఉంటుంది కాబట్టి దీనికి ఎవరూ ఎదురు చెప్పడం లేదు. చెప్పకపోవడం వల్ల బొగ్గు కాల్చేవాడి బాధ్యత కొండ మీద బతికేవాడి నెత్తికి వస్తోంది. మన రాష్ట్రంలో నిజంగా జరగాల్సిన పరిశోధన అక్కర్లేని ఖర్చులా కనబడుతోంది.

విశాఖ పక్కన పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో మండే బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి వస్తుంది. పాతిక కోట్ల ఏళ్ళుగా నేల లోపల కదలకుండా ఉన్న కార్బన్ అది. తవ్వి మండించినప్పుడు గాలికి కొత్తగా చేరుతుంది. చెట్టు సంగతి వేరు. గాలికీ ఆకుకీ కట్టెకీ మట్టికీ మధ్య నిత్యం తిరుగుతున్న కార్బన్‌లో కొంత భాగాన్ని అది కొన్నాళ్ళు పట్టి ఉంచుతుంది. నరికినా, చచ్చినా, కాలినా, చెద పట్టినా మళ్ళీ గాలికే వదులుతుంది. బొగ్గు నుంచి గాలిలో చేరిన దానిలో గణనీయమైన భాగం వేల ఏళ్ళు అక్కడే ఉండిపోతుంది. వేల ఏళ్ళ బాకీని పాతికేళ్ళ చెట్టుతో కొట్టేయడం, చేబదులు తెచ్చి అప్పు తీరిపోయిందని చెప్పుకోవడం లాంటిది. భూగర్భ నిల్వ అనే ఆలోచన పుట్టిందే ఈ తేడా వల్ల. నేల లోపలి నుంచి తీసిన కార్బన్ నేల లోపలికే పోవాలి, అక్కడ మళ్ళీ కదలకుండా ఉండాలి.

ఉన్న అడవిని కాపాడాలనడంలో నాకు ఏ పేచీ లేదు. అడవి నరికితే దానిలోని కార్బన్ కూడా గాలిలో కలుస్తుంది, కాబట్టి నరకకూడదు. కానీ అడవి ఉండటం వేరు, దాన్ని చూపించి బొగ్గు పొగను చెల్లు చేసుకోవడం వేరు.

ఇది పుస్తకాల్లో తర్కం మాత్రమే కాదు, మన జిల్లాల్లో చేసి చూసిన పనే. రాయగడలోని జేకే పేపర్ మిల్లు, వేదా క్లైమేట్ చేంజ్ సొల్యూషన్స్ అనే సంస్థ కలిసి ఒడిశాలో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లోనూ, మనవైపు ఉమ్మడి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ చిన్న రైతుల భూముల్లో నీలగిరి, సరుగుడు క్లోన్లు నాటించాయి. సుమారు 1,600 హెక్టార్లు. ఐక్యరాజ్యసమితి క్యోటో ఒప్పందం కింద పెట్టిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో ఈ తోటలు నమోదయ్యాయి. వాటి కార్బన్ క్రెడిట్లకు ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్ అండగా నిలిచింది.

నీలగిరి తోట కోత చూసినవాళ్ళకు ఆ కార్బన్ ఎక్కడికి పోతుందో తెలుసు. నాలుగైదేళ్ళకు కోతకు వస్తుంది. నేలకు జానెడు ఎత్తున రంపం పెడతారు. కట్టె పచ్చిగా ఉండగానే బెరడు ఒలుస్తారు, ఆలస్యమైతే అది కర్రకు అతుక్కుపోతుంది. కొమ్మా రెమ్మా పొయ్యిలోకి పోతాయి. దుంగలు లారీకెక్కుతాయి. మోడు నుంచి పిలకలు లేస్తాయి, మళ్ళీ నాలుగేళ్ళు. మిల్లుకు చేరిన కట్టెలో దాదాపు సగం గుజ్జు అవుతుంది. మిగతా సగం నల్లటి ద్రవంగా మారి మిల్లు బాయిలర్లోనే మండుతుంది. గుజ్జు కాగితమై, నోటు పుస్తకమై, కొన్నేళ్ళకు చెత్తలో కలుస్తుంది. రైతుకు కలప డబ్బు వచ్చింది, మంచిదే. తోట ఉన్నంతకాలం కొంత కార్బన్ అక్కడ నిలబడిందన్నదీ నిజమే. దాన్ని నిల్వ అనడమే కుదరదు.

కుదరదని ఆ యంత్రాంగం నియమాలే ఒప్పుకున్నాయి. గాలిమరలకో, గ్యాస్ పట్టే ప్లాంటుకో ఇచ్చిన క్రెడిట్లకు గడువు లేదు. చెట్ల క్రెడిట్లకు మాత్రం తాత్కాలికమని ముద్ర వేసి మరీ ఇచ్చారు. గడువు తీరగానే కొన్నవాళ్ళు వాటి స్థానంలో వేరే క్రెడిట్లు పెట్టి తీరాలి. ఐరోపా సమాఖ్య తన కార్బన్ మార్కెట్లోకి వాటిని అసలు రానివ్వలేదు. నాటించినవాళ్ళకూ కొన్నవాళ్ళకూ తెలిసిన ఈ సంగతిని మన వేదికల మీద ఎవరూ ఎత్తరు.

ఇక లెక్కకు వద్దాం. సింహాద్రిలో నాలుగు 500 మెగావాట్ల యూనిట్లున్నాయి. మొత్తం 2,000 మెగావాట్లు. మన బొగ్గుతో ఒక్కో యూనిట్ కరెంటుకు దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఏడాదిలో మూడింట రెండొంతుల సామర్థ్యంతో నడిచినా కోటి టన్నులు దాటుతుంది. బాగా పెరిగే తోట హెక్టారుకు ఏడాదికి పది టన్నులు పీల్చుకుంటుందని ఉదారంగానే అనుకుందాం. కోటి టన్నులకు పది లక్షల హెక్టార్లు కావాలి. అంటే పదివేల చదరపు కిలోమీటర్లు. పార్వతీపురం మన్యం జిల్లా విస్తీర్ణమంతా కలిపినా సుమారు 3,660 చదరపు కిలోమీటర్లు. ఊళ్ళు, పొలాలు, రోడ్లు, చెరువులు, నాగావళి పాయతో సహా జిల్లా మొత్తాన్ని తోట చేసినా చాలదు, అలాంటివి దాదాపు మూడు జిల్లాలు కావాలి, అది కూడా ఒక్క విద్యుత్ కేంద్రానికి. ముదిరిన తోట పీల్చడం తగ్గిస్తుంది కనుక కొన్నేళ్ళకు కొత్త భూమి వెతకాలి. ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీలు ఇంకా లెక్కలోకి రాలేదు.

పెద్ద అంకెలు నమ్మబుద్ధి కాకపోతే సాలూరులోనే చూడవచ్చు. లారీల మీద బతికే ఊరు మనది. బాడీ షెడ్లు, టైర్ల షాపులు, మెకానిక్కులు, సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్, రాయపూర్ పోయే బళ్ళు. లీటరు డీజిలు కాలితే 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. 300 లీటర్ల ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే 800 కిలోలు. ఎండిన కట్టెలో సగం బరువు కార్బన్. ఆ 800 కిలోలను కట్టె రూపంలో నిలపాలంటే 440 కిలోల ఎండు కలప కావాలి, అదీ నరక్కుండా, కాలకుండా వందల ఏళ్ళు. ఒక్క బండికి, ఒక్క ట్యాంకుకు ఇంత.

ఆ మొక్కలు నాటేది ఎక్కడ అన్న ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యం. మ్యాపులో ఖాళీ కొండగా కనబడేది ఖాళీ కాదు. సామలు, చోళ్ళు, కందులు, కొండచీపుళ్ళు వచ్చే పోడు అది. మేకలు మేసే బయలు. తొలకరి తర్వాత ఆకుకూరలూ దుంపలూ ఏరుకునే చోటు. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తి సాగుకే కాదు, ఊరి సామూహిక వనరులకూ హక్కు ఇచ్చింది. ఒక కొండను ముప్ఫై, నలభై ఏళ్ళ కార్బన్ ఖాతాలో రాసుకుంటే దున్నకూడదు, నరకకూడదు, నిప్పు పెట్టకూడదు అనే షరతులు దాని వెంట వస్తాయి. కాల్చింది పరవాడలో, షరతులు కోటియా దారిలోని గూడేనికి. ఇందులో న్యాయం నాకు కనబడదు. అరకులో నాంది ఫౌండేషన్ పనితో, ఐరోపా కంపెనీల లైవ్‌లీహుడ్స్ ఫండ్ పెట్టుబడితో కాఫీ, పండ్ల చెట్లు పెరిగాయి. రైతుకు ఆదాయం తెచ్చిన పని కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ ఆ చెట్ల కార్బన్ ఐరోపా కంపెనీల లెక్కలో పడుతుంది. ఒకే చెట్టును వాళ్ళ పేరునా, విశాఖ పొగ పేరునా రెండుసార్లు రాయలేం కదా. జీడిమామిడి, చింత, ఇప్ప, జీలుగు మన్యంలో పెరగాలి. తినడానికి, అమ్ముకోవడానికి, నీడకు, నీటికి పెరగాలి. ఆ కారణాలు చాలు.

చెట్టు చాలదు కాబట్టి యంత్రమే దిక్కు, బొగ్గు నిశ్చింతగా కాల్చుకోవచ్చు అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటా చెల్లదు. బొగ్గు పొగలో బొగ్గుపులుసు వాయువు 12 నుంచి 14 శాతమే. మిగతాది ఎక్కువగా నైట్రోజన్. పొగను చల్లార్చి పొడవాటి గోపురంలోకి అడుగు నుంచి పంపుతారు, పైనుంచి అమీన్ అనే రసాయన ద్రావణం జల్లుగా దిగుతుంది. వాయువు ఆ ద్రావణానికి పట్టుకుంటుంది. ద్రావణాన్ని రెండో గోపురంలోకి తోడి 120 డిగ్రీల దాకా కాచితే వాయువు విడిపోతుంది, ద్రావణం మళ్ళీ మొదటి గోపురానికి వెళ్తుంది. కాచడానికి కావలసిన ఆవిరి టర్బైన్‌కు పోవాల్సిన ఆవిరే. ఆపైన వాయువును వంద వాతావరణ పీడనాలు దాటేదాకా నొక్కాలి. అన్నీ కలిపి విద్యుత్ కేంద్రం ఉత్పత్తిలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా దానికే పోతుంది. పోయిన కరెంటుకు బదులు మరింత బొగ్గు కాల్చాలి.

మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ 2022లో ఒక 500 మెగావాట్ల యూనిట్‌కు ఇలాంటి ప్లాంటు తగిలించింది. రోజుకు 20 టన్నులు పడుతుంది. ఆ యూనిట్ పూర్తిగా నడిస్తే రోజుకు వదిలేది పదివేల టన్నులకు పైనే. వెయ్యిలో రెండు వంతులు పట్టినట్టు. పట్టినదాన్ని భూమిలోకి పంపడం లేదు. హైడ్రోజన్‌తో కలిపి రోజుకు పది టన్నుల మిథనాల్ చేయాలన్నది పథకం. దానికి దాదాపు రెండు టన్నుల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి అంత హైడ్రోజన్ తీయడానికి లక్ష యూనిట్ల కరెంటు పడుతుంది. వచ్చే మిథనాల్‌లో ఉన్న శక్తి 55 వేల యూనిట్లకు సమానం. చివరికి ఆ మిథనాల్ ఇంజన్లో మండి, పట్టిన వాయువును తిరిగి వదిలేస్తుంది. ప్రయోగంగా ఇది అవసరమే. పొగలోని దుమ్ము, గంధకం ద్రావణాన్ని ఎంత త్వరగా పాడు చేస్తాయో మన బొగ్గుతోనే తేలాలి. అయితే దీన్ని చూపించి బొగ్గు శుభ్రమైపోయిందనే మాట ఎవరూ అనకూడదు.

విదేశాల అనుభవాన్నీ నిజాయితీగా చదవాలి. అమెరికాలో మిసిసిపీలోని కెంపర్ ప్లాంటు మీద 700 కోట్ల డాలర్లకు పైగా పోసి, 2017లో బొగ్గు పథకాన్ని వదిలేసి సహజ వాయువుకు మారారు. కెనడాలో 2014లో మొదలైన బౌండరీ డ్యామ్ ప్లాంటు ఏడాదికి పది లక్షల టన్నులు పడతానంది. పదేళ్ళలో చేరింది సుమారు 60 లక్షల దగ్గరికి. ఆస్ట్రేలియా గోర్గాన్ గ్యాస్ క్షేత్రంలో 2019లో నిల్వ మొదలైంది, ఇటీవలి ఏళ్ళలో అనుకున్నదానిలో సగం కూడా లోపలికి పోవడం లేదు. ఇవి చూపించి అంతా మోసమనేవాళ్ళు నార్వే స్లైప్నర్ గ్యాస్ క్షేత్రాన్ని మరిచిపోతారు. అక్కడ 1996 నుంచి సముద్ర గర్భం కింది ఇసుకరాతిలోకి వాయువును పంపుతున్నారు, చాలా ఏళ్ళు ఏడాదికి దాదాపు పది లక్షల టన్నుల చొప్పున. భూకంప తరంగాలతో కొన్నేళ్ళకోసారి దాని వ్యాప్తిని చూస్తున్నారు, అది అక్కడే ఉంది. కంపెనీ ఆ పని దయతో చేయలేదు. నార్వే 1991లోనే సముద్రంలోని చమురు క్షేత్రాల మీద కార్బన్ పన్ను వేసింది. వదలడం కంటే దాచడమే చవకైంది.

మొక్క నాటి లెక్క తేల్చుకునే దారి తెరిచి ఉంటే ఏ కంపెనీ ఈ పనికి పూనుకుంటుంది? చవక క్రెడిట్ ఉన్నచోట ఖరీదైన పరిష్కారం పుట్టదు. మన్యం చెట్టును విశాఖ పొగకు జమ చేయొద్దని నేను గట్టిగా అనడానికి పెద్ద కారణం ఇదే.

కరెంటుకు బొగ్గు బదులు ఎండ ఉంది, గాలి ఉంది. సిమెంటుకు అలాంటి బదులు లేదు. సున్నపురాయిని కాల్చినప్పుడు రాతిలోంచే వాయువు వస్తుంది. సిమెంటు పరిశ్రమ వదిలేదాంట్లో దాదాపు 60 శాతం అదే. కొలిమిని సోలార్ కరెంటుతో వేడి చేసినా అది ఆగదు. జగ్గయ్యపేట నుంచి పల్నాడు, నంద్యాల, కడప దాకా సున్నపురాయి మీద నిలబడ్డ ఫ్యాక్టరీలున్న రాష్ట్రం మనది. కార్బన్ పట్టే యంత్రం ముందు వెళ్ళాల్సింది అక్కడికి. నార్వేలో బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీ 2025 జూన్‌లో ఏడాదికి నాలుగు లక్షల టన్నులు పట్టే ప్లాంటు తెరిచింది. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం అదే ఏడాది సిమెంటు రంగానికి అయిదు ప్రయోగ కేంద్రాలు ప్రకటించింది. ఒకదానిలో ఐఐటీ తిరుపతి భాగస్వామి. అమీన్‌ను కాచే పని లేకుండా, ఘన పదార్థం మీద వాయువును పట్టించి శూన్యపీడనంతో విడిపించే పద్ధతి అక్కడ పరీక్షిస్తారు. ఆవిరి ఖర్చు తప్పించే ఇలాంటి పని మీద మన విశ్వవిద్యాలయాల్లో పదుల మంది పిల్లలు పరిశోధన చేస్తూ ఉండాలి. నీతి ఆయోగ్ 2022 నివేదిక 2050 నాటికి దేశంలో ఏడాదికి 75 కోట్ల టన్నులు పట్టాలంది. ప్రపంచమంతా కలిపి ఇవాళ పడుతున్నది దాదాపు 5 కోట్ల టన్నులు. ఇలాంటి అంకెను సిమెంటు, ఉక్కు లాంటి తప్పించలేని చోట్లకు కుదించకపోతే బొగ్గుకు వాయిదా ఇవ్వడానికే పనికొస్తుంది.

పట్టాక దాచేదెక్కడ? కొండలే ఉన్నాయి కదా, రాతి కింద పెట్టండి అనే సలహా కూడా విన్నాను. తూర్పు కనుమల రాయి దానికి పనికిరాదు. సాలూరు చుట్టూ ఉన్నవి ఖోండలైటు, చార్నకైటు, గ్రానైటు నీసులు. వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఉడికి గట్టిపడిన రాళ్ళవి. వాయువు దూరడానికి కావలసిన సన్నటి రంధ్రాలు వాటిలో లేవు. పగుళ్ళుంటే ఊటలు వచ్చేది అక్కడి నుంచే. ఈ ఖోండలైటులోనే గ్రాఫైటు దొరుకుతుంది. పాత కార్బన్ స్ఫటికమై నిలిచిపోయిన రూపం అది. చూడటానికి ఎంత ఆశ పుట్టించినా, కొత్తది పెట్టడానికి అక్కడ చోటు లేదు. వాయువు ద్రవంలా చిక్కబడి ఉండాలంటే 31 డిగ్రీలకు పైగా వేడి, 73 వాతావరణాల పీడనం కావాలి. సుమారు 800 మీటర్ల లోతు దాటాలి. అంత లోతున రంధ్రాలున్న ఇసుకరాయి, దాని మీద మూతగా వాయువును దూరనివ్వని షేలు అనే బంకమట్టి రాయి ఉండాలి.

అది మన దగ్గర కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉంది. దశాబ్దాలుగా ఓఎన్‌జీసీ తవ్విన బావుల రికార్డులున్నాయి. తిరుపతి ఇసుకరాయి పొర, దాని మీద రాజోలు పొర అని పిలిచే లావా రాళ్ళు, వాటి మీద పాలకొల్లు షేలు. ఈ వరస భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులందరికీ తెలుసు. ఆ లావా పైకి కనబడేది రాజమహేంద్రవరం పక్కన పంగిడి, దుద్దుకూరు, కాతేరు క్వారీల్లో. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ లావా వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రజ్ఞుల నిర్ణయం. ఇప్పుడు దాన్ని కంకర కొడుతున్నాం.

ఆ లావా రాయి బసాల్టు. అది అంత ముఖ్యమెందుకంటే, దానిలో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు వాటితో కలిసి కార్బొనేటు రాయి అయిపోతుంది. రాయి అయ్యాక లీకు భయం లేదు. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ బృందం 2012లో 400 నుంచి 800 మీటర్ల లోతుకు పంపిన వాయువులో 95 శాతం రెండేళ్ళలోపే రాయిగా మారిందని 2016లో ప్రచురించింది. అమెరికాలో వల్లూలా దగ్గర 2013లో దాదాపు వెయ్యి టన్నులు బసాల్టులోకి పంపి, రెండేళ్ళ తర్వాత రాతి ముక్క పైకి తీసి చూస్తే రంధ్రాల్లో కార్బొనేటు గుళికలు కనబడ్డాయి. దక్కన్ బసాల్టులో ఇది సాధ్యమా అని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఎన్టీపీసీ, అమెరికా పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల కలిసి ఎప్పుడో పని మొదలుపెట్టాయి. ఉప్పల్‌లో ఉన్న సంస్థ అది, తెలుగు నేల మీద ఉన్న నైపుణ్యం. ఆ ప్రశ్నను రాజోలు లావా విషయంలోనూ అడగాలి. ఆ రాతిలో రంధ్రాలెన్ని, అందులో ఖనిజ జలం ఎంత ఉప్పన, పాలకొల్లు షేలు ఎక్కడ పలచబడింది, పాత బావుల సిమెంటు ఆమ్లానికి తట్టుకుంటుందా, పైనున్న రాజమహేంద్రి ఇసుకరాతిలోని తాగునీటికి ముప్పుందా. ఒక్కో ప్రశ్న ఒక్కో పీహెచ్‌డీకి సరిపోతుంది. ఐస్‌లాండ్ పద్ధతిలో టన్ను వాయువుకు పాతిక టన్నుల నీళ్ళు పడతాయి. డెల్టాలో మంచినీళ్ళు ఇవ్వలేం కాబట్టి సముద్రపు నీటితో కుదురుతుందా అన్నది కూడా మనమే తేల్చుకోవాలి.

కోనసీమ వాళ్ళు దీన్ని వినగానే భయపడితే తప్పులేదు. 1995లో పాసర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊరి మధ్య మనుషులు కాలిపోయారు. తేమ చేరిన పైపు లోపల తుప్పు పడుతుంది. బొగ్గుపులుసు వాయువుకు తేమ తగిలితే ఆమ్లమవుతుంది, తుప్పు ఇంకా వేగం. అది మండదు నిజమే, కానీ గాలి కంటే బరువు. 2020 ఫిబ్రవరిలో మిసిసిపీలోని సటార్షియా దగ్గర అలాంటి పైపు పగిలితే వాయువు పల్లానికి పాకింది. కారు ఇంజన్లు ఆగిపోయాయి, 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. పల్లపు నేల, కాలువ గట్లు, ఇళ్ళ మధ్య కొబ్బరి తోటలు ఉన్న కోనసీమలో పైపు ఎటు పోతుందో ప్రజలకు చెప్పకుండా ఒక్క మీటరు వేయకూడదు. సముద్రంలోని ఖాళీ అయిన గ్యాస్ క్షేత్రాలను ముందు పరిశీలించాలన్నది నా అభిప్రాయం. ఖర్చు ఎక్కువైనా ఇళ్ళకు దూరం.

మన్యానికి ఈ పరిశోధనలో పాత్ర లేదని కాదు. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రిడా) కందికట్టె, మొక్కజొన్న కట్టె నుంచి బయోచార్ చేసే చిన్న బట్టీలు రూపొందించింది. బొగ్గుగా మారిన కార్బన్ మట్టిలో కట్టె కంటే ఎన్నో రెట్లు నిలుస్తుంది. మన కొండవాలు ఎర్రనేలల్లో అది ఎన్నేళ్ళు నిలుస్తుందో, చోళ్ళ దిగుబడి మారుతుందో లేదో ఇక్కడి పొలాల్లోనే చూడాలి.

బసాల్టు పొడిని పొలంలో చల్లితే వాన నీటితో కలిసి కార్బన్‌ను బైకార్బొనేటుగా కట్టేస్తుందనే పద్ధతికి 2025లో మాటి కార్బన్ అనే సంస్థ 5 కోట్ల డాలర్ల ఎక్స్‌ప్రైజ్ గెలుచుకుంది. మన దేశపు చిన్న రైతుల వరి మళ్ళలోనే వాళ్ళ పని. ఆమ్ల గుణం ఉన్న మన నేలలకు అది ఎరువుగానూ ఉపకరించవచ్చు. వెంటనే కొందరు పంగిడి క్రషర్ పొడిని మన్యానికి తోలి క్రెడిట్లు రాద్దామంటారు. ముందు మన లారీ లెక్క చూడాలి. పంగిడి నుంచి సాలూరుకు రానూపోనూ దాదాపు 600 కిలోమీటర్లు. 160 లీటర్ల డీజిలు, 430 కిలోల వాయువు. బండిలో 20 టన్నుల పొడి వస్తుంది. అదంతా కరిగితే, దశాబ్దాల మీద, ఆరు టన్నులు పట్టవచ్చు. మొదటి ఏళ్ళలో పదోవంతే కరిగితే పట్టింది 600 కిలోలు, తోలడానికి వదిలింది 430. పొడి కొట్టిన కరెంటు కలిపితే ఏమీ మిగలదు. పొడిలోని నికెల్, క్రోమియం గింజలోకి వస్తాయేమో కూడా చూడాలి. పాచిపెంట మడిలో చల్లిన పొడి వల్ల వేగావతిలో కలిసే కాలువ నీటిలో బైకార్బొనేటు ఎంత పెరిగిందో వరసగా కొన్నేళ్ళు, వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ కొలవాలి. ఆ కొలతలు గ్రామసభ ముందు పెట్టేదాకా ఒక్క టన్ను కూడా ఎవరి ఖాతాలోనూ రాయకూడదు.